వెబ్‌సైట్ గుమ్మంలో దండేసిన ఫొటో

మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్ పెద్దాయన లిఫ్ట్ దగ్గర ఆపి, "అమ్మాయ్, మన వెబ్‌సైట్ కాస్త గ్రాండ్‌గా చేసిపెట్టు" అన్నప్పుడు నాకు లోపల్లోపల ఒళ్ళు మండింది. మైత్రీవనంలో వెబ్ డిజైన్ క్లాసులు చెబుతాను కదా, అమీర్‌పేటలో ఎవరికి ఏం కావాలన్నా నేనే గుర్తొస్తాను. పుట్టినరోజు కార్డులు కూడా నన్నే చేసిపెట్టమంటారు, అదేదో పక్కింట్లో పెరుగు తోడు అడిగినట్టు. కానీ ఆయన్ని కాదనడానికి నోరు రాలేదు. అలాంటి మనిషి.

ఆయన రిటైరయ్యాక నలుగురు స్నేహితుల్ని కూడగట్టి చిన్న సంస్థ పెట్టారు. పంజాగుట్ట సందులో ఒక పాత ఇల్లు తీసుకుని, ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్ళకు ఉచితంగా గదులిస్తారు. వాళ్ళావిడ సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో చివరి రోజులు గడిపినప్పుడు ఆయన మెట్ల కింద పేపరు పరుచుకుని పడుకునేవారట. ఆ అవస్థ ఇంకొకళ్ళకు వద్దని ఈ ఇల్లు. అంతా బాగానే ఉంది గానీ, పై అంతస్తు గదులు ఎప్పుడూ ఖాళీ. జనమేమో ఆసుపత్రుల ముందు ఫుట్‌పాత్ మీదే దుప్పట్లు పరుచుకుంటున్నారు. దానికి ఆయన మథనపడిపోతున్నారు. "వెబ్‌సైట్ జనానికి ఆనట్లేదమ్మాయ్, ఇంకాస్త హంగు ఉండాలి" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా ఫోన్‌లో తెరిచాను. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! ముందు తెరంతా నల్లగా అయిపోయింది. రెండు పక్కలా దీపాలు వెలిగి రెపరెపలాడాయి. మధ్యలో వాళ్ళావిడ ఫొటో, మెడలో ఇంత లావు గులాబీల దండ, వెనక నుంచి వేణువు. చౌరస్తాలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఊడదీసి తెచ్చి తగిలించినట్టుంది. అది దాటితే గౌరవాధ్యక్షులు, అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, ఆహ్వాన పత్రికలో వేసినట్టు హోదా ప్రకారం వరస. ఆ తర్వాత శాలువాలు. వీళ్ళు వాళ్ళకు కప్పినవి, వాళ్ళు వీళ్ళకు కప్పినవి. గది అనే మాట కోసం వెతికి వెతికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి 'సేవలు'లోకి వెళ్ళి, అందులో 'ఇతర సేవలు' నొక్కితే, అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో దొరికింది. ఫోన్ నంబరు ఆ పేజీలో కూడా లేదు.

ఇదంతా ఆయనకు కూర్చోబెట్టి చెప్పాను. పెద్దాయన అన్నిటికీ తలూపారు. "శాలువాలు తీసెయ్. వాళ్ళు అలిగితే నేను చూసుకుంటా" అన్నారు. కమిటీ వరస కూడా లోపలికి పంపడానికి ఒప్పుకున్నారు. మెల్లిగా, "బాబాయ్ గారూ, పిన్నిగారి ఫొటో కూడా లోపలి పేజీలో పెడదామా?" అన్నాను. ఆయన మొహం మారిపోయింది.

"ఆవిడ లేకపోతే ఆ ఇల్లే లేదు. గుమ్మంలో ఆవిడే ఉంటుంది" అన్నారు. "అయినా రోజూ జనం చూస్తూనే ఉన్నారుగా. ఎంతమంది చూస్తున్నారో ఈ సైట్ చేసిన పాత కుర్రాడు అప్పుడప్పుడూ చెప్పేవాడు."

నాకు అసలు కారణం తెలుసు, కానీ ఎలా చెప్పేది? మనిషిని ఐసీయూలో పెట్టుకుని, గది దొరుకుతుందేమోనని ఫోన్ తెరిస్తే, దండేసిన ఫొటో, దీపాలు కనిపిస్తే గుండె ఆగిపోదూ! మనవాళ్ళు ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితేనే ఆగి, మంచినీళ్ళు తాగి కదులుతారు. అలాగని భార్య పోయిన మనిషితో, మీ ఆవిడ ఫొటో చూసి జనం జడుసుకుంటున్నారండీ అని అనగలమా? ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను, ఆయనకు సంబంధం లేకపోయినా.

ఆ కోపంలోనే, రోజూ చూసే ఆ జనం ఎవరో తేలుద్దామని సైట్ లెక్కలు తెరిచాను. వచ్చేవాళ్ళు వస్తున్నారు, మొదటి పేజీ చూసి వెంటనే వెళ్ళిపోతున్నారు. రోజూ తప్పకుండా వస్తున్నది మాత్రం ఒకే ఒక్క ఫోను. పొద్దున్నే వస్తుంది, మొదటి పేజీలోనే చాలాసేపు ఉంటుంది, ఇంకేదీ నొక్కకుండా వెళ్ళిపోతుంది. అది ఎవరి ఫోనో ఎవరూ చెప్పక్కర్లేదు. నా కోపం ఎటుపోయిందో పోయింది.

మా క్లాసులో పిల్లలకు నేను చెప్పేది ఒకటుంది: సైట్ బాగుందా అని చుట్టాలని అడక్కండి, అవసరమున్న మనిషి చేతిలో పెట్టి పక్కన నోరు మూసుకుని నిలబడండి. బాబాయ్ గారికీ అదే చెప్పి, ఒక ఉదయం సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసు. నేను చెప్పలేనిది వేరేవాళ్ళ నోటితో వింటారేమోనని ఆశ, వింటే తట్టుకోగలరా అని భయం.

బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పక్కన సంచి, చంకలో దుప్పటి. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చారట, భర్త లోపల ఉన్నాడట. "ఉండడానికి గది దొరుకుతుందేమో, ఇందులో చూడమ్మా" అని నా ఫోన్ ఇచ్చాను. తెర నల్లబడింది. దీపాలు వెలిగాయి. దండతో ఫొటో వచ్చింది. ఆమె టక్కున ఫోన్ బెంచీ మీద బోర్లా పెట్టేసింది.

"అయ్యో, గిదేందక్కా పొద్దుపొద్దుగాల! మా ఆయన లోపలున్నడు. గిసొంటివి నాకు చూపెట్టకు."

బాబాయ్ గారు టీ కప్పు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నారు. నాకు భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. ఆమెకు మాత్రం మళ్ళీ మనసొప్పలేదు. "ఎవలో పాపం, పెద్ద బొట్టు పెట్టుకొని మస్తు కళగున్నది. ఎట్ల పోయిందో ఏమో. కానీ ఇయ్యాల నేను సూడలేనక్కా" అంది.

ఆయన కప్పు కింద పెట్టారు. "గది ఉందమ్మా, దగ్గరే. సంచి తీసుకుని రా, నేను చూపిస్తా" అన్నారు. ఆమె నమ్మలేనట్టు ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూసి, "సల్లగుండు సార్" అంటూ లేచింది. ఆ ఫొటో ఎవరిదో మేమిద్దరం ఆమెకు చెప్పలేదు.

ఆమెకు గది తాళం ఇచ్చి సందులోంచి బయటికొచ్చాక, పంజాగుట్ట ట్రాఫిక్ హోరులో ఆయన మెల్లిగా అన్నారు. "ఆ రోజుల్లో ఆసుపత్రి గేటు దగ్గర శవాల బండి ఆగి ఉంటే, నేను చుట్టూ తిరిగి వెనక గేటు నుంచి పోయేవాణ్ణి. ఎంత ఎండైనా సరే." కాసేపు నడిచాక, "లోపల పెట్టెయ్ అమ్మాయ్" అన్నారు. నాకు గెలిచానన్న సంతోషం ఇసుమంత కూడా కలగలేదు. ఏడుపొచ్చింది.

సైట్ మొత్తం మార్చేశాను. తెరవగానే తెల్లటి పేజీ, పెద్ద అక్షరాల్లో 'గది కావాలా?' దాని కింద ఒకే బటన్, నొక్కితే నేరుగా బాబాయ్ గారి సెల్ మోగుతుంది. ఆ కింద మెట్రో దిగి ఎటు నడవాలో, ఏ మెడికల్ షాపు పక్క సందో, ఏమేం తెచ్చుకోవాలో. తెలుగులో, హిందీలో. హంగేమీ లేదు. ఆయన చూసి, బాగుందమ్మాయ్ అన్నారు గానీ కళ్ళు పేజీ అంతా వెతుకుతూనే ఉన్నాయి.

సైట్ పెట్టిన మర్నాడు పొద్దున్నే, నేను ఇడ్లీలు వేస్తుంటే ఫోన్. "అమ్మాయ్, ఆవిడ ఎక్కడుంది? ఇందాకట్నుంచి వెతుకుతున్నా, దొరకట్లేదు."

జాతరలో పక్కమనిషి చెయ్యి జారిపోయినట్టుంది ఆ గొంతు. ఎవరెవరికో దారి సులువు చేశాను గానీ, రోజూ వచ్చే ఒక్క మనిషికి దారి లేకుండా చేశాను. పొయ్యి కట్టేసి కూర్చున్నాను.

"బాబాయ్ గారూ, కిందికి జరపండి. ఇంకా. చిట్టచివర 'ఈ ఇల్లు ఎవరిది?' అని ఉంటుంది. దాని మీద నొక్కండి."

"నొక్కా." ఫొటో తెరుచుకున్నట్టుంది. "దండేదీ?" అన్నారు.

"అది పాత కుర్రాడు కంప్యూటర్‌లో అతికించిందండీ. అసలు ఫొటో కూడా పాత సైట్ ఫైళ్ళలోనే ఉంది. దాన్నే పెట్టాను."

"నల్లపూసలు కనిపిస్తున్నాయి" అన్నారాయన. "నేను చేయించినవే. ఇన్నాళ్ళూ దండ కిందే ఉండిపోయాయి."

ఆయన ముక్కు ఎగబీల్చడం వినిపించింది. అంతలోనే, "ఉండమ్మా, మధ్యలో ఇంకెవరో చేస్తున్నారు. కొత్త నంబరు. గది కోసమేమో" అని పెట్టేశారు.

ఎలా ఉన్నారో కనుక్కుందామని ఆ తర్వాత చేశాను. మధ్యాహ్నం క్లాసు మధ్యలోనూ చేశాను, సాయంత్రం ఇంటికొస్తూనూ చేశాను. ఎప్పుడు చేసినా ఆయన ఫోన్ బిజీయే.