వదినె చేతిలో హాకీ కర్ర

మా బొగ్గు గనుల కాలనీలో హాకీ ఆడినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అన్న అంటే మాకు ఒక్కడే. గని జట్టుకు ఫుల్‌బ్యాక్. పెనాల్టీ కార్నర్ దొరికిందంటే బంతి ఆయన కర్రకు తగలడం వినబడేది, పోవడం కనబడేది కాదు. గోల్ వెనక చెక్క మోగాకే మేం ఈలలు వేసేవాళ్లం. ఒకసారి ఎదుటి జట్టు గోల్‌కీపర్ కాళ్లకు కట్టిన ప్యాడ్లు చాలవని, బనీను లోపల దిండు దోపుకొని వచ్చాడు. అది నిజంగా జరిగింది. మిగతా కథల్లో సగం మేం టీ హోటల్లో కూర్చుని అల్లినవే.

మొన్న ఎండాకాలం పిల్లల టోర్నమెంట్ మొదలుపెట్టడానికి అన్నను పిలిచారు. మొదటి దెబ్బ ఆయన పాత కర్రతోనే కొట్టాలని నేనూ, నాతోపాటు గనిలో పనిచేసి రిటైరైన దోస్తూ పట్టుబట్టాం. కర్ర కోసం ఇద్దరం అన్న ఇంటికి వెళ్లాం.

కర్ర వాకిట్లోనే, వదినె చేతిలో ఉంది. మిద్దె మీద మిరపకాయలు ఎండుతున్నాయి. గోడ మీద కోతులు వరుసగా కూర్చున్నాయి. కర్ర పట్టుకునే చోట అన్న చుట్టిన సైకిల్ ట్యూబు ఇంకా అలాగే ఉంది.

“జరసేపు ఇయ్యి వదినె, గ్రౌండుకు తీస్కపోయి తెస్తం,” అన్నాను.

“గీ కోతులకు ఎవలు కావలి ఉంటరు?”

“అన్న కొట్టాలె గద.”

“మీ అన్న దీంతోని కొట్టుడు బందువెట్టి ఎన్నేండ్లాయె. గిప్పుడు కొట్టేది నేను. నన్నే పిలువుండ్రి.”

అన్న లోపల బూట్ల లేసులు కట్టుకుంటూ ఏమీ విననట్టే ఉన్నాడు. చివరికి నా దోస్తు మిద్దె మీద కాపలా ఉండేట్టు, కర్రతోపాటు వదినె కూడా గ్రౌండుకు వచ్చేట్టు రాజీ కుదిరింది.

గ్రౌండులో ముఖ్య అతిథి ఉపన్యాసం ఎంతకీ తెగడం లేదు. ఆయన మైకు పట్టుకుని ఉండగానే పిల్లలు అన్నకు కొత్త ఫైబర్ కర్ర అందించారు. అన్న దాన్ని చేతిలో ఆడించి చూసి, “పుల్ల లెక్కున్నది,” అని తిరిగిచ్చేశాడు. వదినె దగ్గర పాతది తీసుకుని నడుము వంచాడు.

దెబ్బ తగిలింది. అదే పాత చప్పుడు. బంతి మాత్రం గోలు వైపు పోకుండా పక్కకు లేచి, వేదిక మీది మజ్జిగ కుండను పగలగొట్టింది. మజ్జిగంతా ముఖ్య అతిథి తెల్ల ప్యాంటు మీద పడింది. గ్రౌండంతా ఈలలు.

“గురి తప్పిందా అన్నా?” మెల్లగా అడిగాను.

“ఎవలన్నరు? మైకు బందయిందా లేదా?” అన్నాడు, ముఖంలో నవ్వు కనబడకుండా.

అతిథి మంచివాడే. ప్యాంటు పిండుకుంటూ వచ్చి అన్న పక్కన నిలబడి ఫోటో దిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు వదినె దారంతా నవ్వుతూనే ఉంది. అన్న ఆడిన రోజుల్లో ఆమె ఒక్క ఆటా చూడలేదట. ఇంట్లో పిల్లలు, వంట, నల్లా దగ్గర నీళ్ల వరుస.

“గిట్లనే కొడుతుండెనా మీ అన్న?” అని అడిగింది.

“ఇంకా గట్టిగ, వదినె.”

అన్న మాకంటే కొంచెం ముందు నడుస్తున్నాడు. మా మాట వినబడినట్టుంది. వంగిన నడుము కాస్త నిటారైంది.