ఐదో మెట్టు

మణికుమార్‌కి నీళ్ళంటే భయం. సరంగు కొడుక్కి నీళ్ళంటే భయమేమిటని గిలకలదిండిలో నవ్వనివాళ్ళు లేరు. బోటు నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. తండ్రి పోతురాజు ముప్ఫై ఏళ్ళుగా సరంగు. బందరు పక్కన ఆ ఊళ్ళో పిల్లలంతా చొక్కాలు విప్పి కాలవలోకి దూకుతుంటే, ఈయనగారి కొడుకు గట్టు మీద వాళ్ళ చెప్పులకి కాపలా కూర్చునేవాడు. పన్నెండో ఏట తండ్రి బలవంతాన బోటెక్కించాడు. ఒడ్డు కనుమరుగైన దగ్గర్నుంచి మళ్ళీ కనపడేదాకా వీడు కళ్ళు తెరిస్తే ఒట్టు. చిన్నాన్న కొడుకు శివాజీ, వీడికంటే నాలుగేళ్ళు పెద్ద, పక్కనే కూర్చుని భుజం వదలకుండా పట్టుకున్నాడు. దిగాక మూడు రోజులు జ్వరం. "వీడు మనకి పనికిరాడే, చదివించుకో" అని పోతురాజు భార్య దానమ్మతో తేల్చేశాడు. ఆ జ్వరం పుణ్యమా అని మణికుమార్ చదువుకున్నాడు.

చదువు విజయవాడ తీసుకొచ్చింది గానీ భయాన్ని వదిలించలేదు. బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే కిటికీ వైపు తల తిప్పడు. తండ్రి వేటకెళ్ళిన ప్రతిసారీ నాలుగో రోజు ఊళ్ళో ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసి, "నాన్న బోటు వచ్చిందా?" అని ఒక్క మాట అడిగేవాడు. వచ్చిందంటే చాలు, పెట్టేసేవాడు. ఆ నాలుగు రోజులూ అన్నం సహించేది కాదు. ఇరవై ఆరేళ్ళు వచ్చినా అదే వరస. ఎవరికి చెప్పుకుంటాడు పాపం, చెబితే నవ్వుతారాయె.

వన్‌టౌన్‌లో రామకోటేశ్వరరావుగారని, పెళ్ళికార్డులు అచ్చేసే పెద్దాయన దగ్గర పని. కార్డుని కంప్యూటర్లో తయారుచెయ్యడం, కంప్యూటర్ మొరాయిస్తే దాని సంగతి చూడ్డం. మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళుండవు, షాపులో ఈగలు తోలుకోవాలి. రెండువేల మూడులో అలాంటి ఒక మూఢంలోనే మణికుమార్ ఆ ఆటలో పడ్డాడు.

అదొక విదేశీ ఆట. కాల్పులూ కత్తులూ ఉండవు. తెర మీద ఇల్లు కట్టాలి, అందులో మనుషుల్ని పెట్టాలి, వాళ్ళకి పేర్లు పెట్టాలి. తినిపించాలి, నిద్రపుచ్చాలి, పనికి పంపాలి. పొద్దున్నే గేటు ముందుకి కారొచ్చి హారన్ కొడుతుంది. మనిషి ఎక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాడు. బాగా పనిచేస్తే పై మెట్టు, చెయ్యకపోతే కింది మెట్టు. డాక్టరైనా పోలీసైనా అందరికీ ఒకటే నిచ్చెన. పక్కకి తిరిగే దారే లేదు. తనేమో పక్కదారి పట్టి బతికినవాడు. అదెక్కడి బతుకని ఒళ్ళు మండింది మణికుమార్‌కి.

ఆట లోపలి ఫైళ్ళు విప్పి మార్చుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారని నెట్‌లో చూసి, తనూ విప్పాడు. రెండు నెలలు కుస్తీ పట్టి చేపల వేటని ఒక ఉద్యోగంగా అందులోకి ఎక్కించాడు. మొదటి మెట్టు వలలు కుట్టడం, రెండోది ఐసు మొయ్యడం, మూడోది బోటులో వలలాగే కళాసి, నాలుగోది ఇంజను పని, ఐదోది సరంగు. అక్కడికి చేరాక దారి చీలుతుంది. తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో: వాతావరణం బాగోలేదు, వెళ్తారా, ఉంటారా? ఉంటానంటే ఒడ్డున ఎండుచేపల వ్యాపారం మొదలై, దాని మెట్లు దానికి వస్తాయి. వెళ్తానంటే పదింట తొమ్మిదిసార్లు చేతినిండా డబ్బుతో తిరిగొస్తాడు. పదోసారి మనిషి తిరిగిరాడు.

ఆ పదోసారి రాయకపోతే ఏం పోయింది? ఆట ఆటలా ఉండేది. కానీ పన్నెండో ఏటి నుంచీ వాడి బుర్రలో ఉన్నది ఆ ఒక్కటే. కంప్యూటర్లో పెట్టేస్తే దాన్ని తను ఆపగలడు, మళ్ళీ మొదలెట్టగలడు. అందులో ఏదో ధైర్యం దొరికింది. రాసింది సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలంటే ఒక మనిషి కావాలి. ఏ వెంకట్రావు పేరో పెట్టుకోవచ్చు కదా! ఈ మహానుభావుడు మొగుడికి పోతురాజనీ పెళ్ళానికి దానమ్మనీ పెట్టాడు.

నవంబరు నెలాఖర్లో ఇంజను సామాను కొనడానికి పోతురాజు, శివాజీ విజయవాడ వచ్చారు. శివాజీ అప్పటికి అదే బోటులో ఇంజను చూస్తున్నాడు. సామాను కట్టించడానికి అతను ఆగిపోతే, పోతురాజు ఒక్కడే కొడుకు షాపుకొచ్చాడు. మణికుమార్‌కి ఉత్సాహం ఆగలేదు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి తెర చూపించాడు.

"ఇది నువ్వే నాన్నా."

"నేనా? నాకు ప్యాంటేశావేంట్రా!" పోతురాజు పడీపడీ నవ్వాడు. గేటు ముందుకి కారొస్తే ఇంకా నవ్వాడు. "వేటకి కార్లో ఎవడెళ్తాడ్రా, పిచ్చి సన్నాసీ!"

ప్రశ్న వచ్చింది. మణికుమార్ చదివి చెప్పాడు. "వెళ్తాననే నొక్కు, ఇంకేముంది" అన్నాడు పోతురాజు. నొక్కాడు. కారు వెళ్ళిపోయింది. సాయంత్రమైంది, మర్నాడైంది. కారు రాలేదు. తెర మీద దానమ్మ కంచం పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ఎంతసేపటికీ కంచం దింపలేదు.

పోతురాజు నవ్వు ఆగిపోయింది. "నేనేనా రానిది?"

"అబ్బే, అది పదింటికి ఒకసారి నాన్నా. మళ్ళీ మొదలెడతా ఉండు." మణికుమార్ గబగబా పాత చోటికి తెచ్చి, ఈసారి ఉంటాననే దాన్ని నొక్కాడు. బొమ్మ ఇంట్లోనే ఉంది. అన్నం తింది, ఎండుచేపలు అమ్మింది, జుట్టు తెల్లబడింది. పోతురాజు బీడీ ముట్టించుకోవడం కూడా మర్చిపోయి చూశాడు. "సర్లే, శివాజీగాడు నా కోసం చూస్తుంటాడు" అని లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి తిరిగి తెర వంక చూసి వెళ్ళిపోయాడు. తండ్రికి నచ్చలేదు కాబోలని మణికుమార్ చిన్నబుచ్చుకున్నాడు, అంతే.

డిసెంబరు మధ్యలో తుఫాను వార్త వచ్చింది. ముందు మద్రాసు వైపన్నారు, తర్వాత ఒంగోలన్నారు, ఆఖరికి బందరన్నారు. మణికుమార్ పరుగున ఊరికి ఫోన్ చేశాడు. బూతు నడిపే ఏసుపాదం ఎత్తాడు.

"మీ నాన్న బోటా? నిన్న పొద్దున్నే వెళ్ళిపోయిందిగా. ఇంకా రెండు బోట్లు కూడా..."

లైను తెగింది. మళ్ళీ కలవలేదు. ఇరవైసార్లు నొక్కాడు, ముప్ఫైసార్లు నొక్కాడు. బస్టాండుకి వెళ్తే బందరు బస్సులు ఆపేశారు. దారి పొడవునా చెట్లు పడుతున్నాయట. వానలో తడిసి, పళ్ళు కొట్టుకుంటూ మళ్ళీ షాపుకే వచ్చాడు. రామకోటేశ్వరరావుగారు ఇంటికెళ్ళిపోతూ, "ఒరే, తాళాలు నీ దగ్గరే ఉంచుకో. భయపడకు, మీ నాన్న ఎన్ని తుఫాన్లు చూడలేదు?" అన్నారు.

పట్టపగలే వీధంతా చీకటి. రేకులు ఎగిరిపడుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక కంప్యూటర్ పెట్టాడు, ఆట తెరిచాడు. చదువుకున్నవాడే, అది తను రాసిన లెక్కేనని తెలిసినవాడే. అయినా చెయ్యి ఆగలేదు. వరసగా మూడుసార్లు తిరిగొస్తే నాన్న బతికున్నట్టే అని మనసులో అనుకున్నాడు. మొదటిసారి కారు తిరిగొచ్చింది. రెండోసారీ వచ్చింది. మూడోసారి రాలేదు. కాదు, ఐదుసార్లలో నాలుగొస్తే చాలనుకున్నాడు. మళ్ళీ మొదలెట్టాడు. కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మని మొత్తుకుంటోంది, ఇంకెంతసేపో నిలవదు. కారు గేటు దాటి వెళ్ళింది. "రా నాన్నా, రా, రా" అని పైకే అంటున్నాడు. కారు వచ్చేలోగా తెర ఆరిపోయింది. మణికుమార్ ఆ కీబోర్డు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పదింటికొకటని రాసింది తనే. ఇరవైకొకటని ఎందుకు రాయలేదు? అసలెందుకు రాశాడు?

మూడో రోజుకి బస్సు దొరికింది. పామర్రు దాటాక ఎక్కి దిగి, నడిచి, ఎవరిదో ట్రాక్టరెక్కి ఊరు చేరాడు. ఇంటి ముందు అరుగు మీద పోతురాజు కూర్చుని ఉన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. "నాన్నా!" అని వెళ్ళి రెండు చేతులా చుట్టేసుకున్నాడు. పోతురాజు కదల్లేదు. కొడుకు మొహంలోకి చూడలేదు. లోపల్నుంచి దానమ్మ వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు వినిపించింది మణికుమార్‌కి, పక్కింట్లోంచి ఏడుపు. అది శివాజీ ఇల్లు.

"నేను బోటెక్కానురా" అన్నాడు పోతురాజు నేల చూస్తూ. "తాడు విప్పబోతుంటే నీ కంప్యూటరు గుర్తొచ్చింది. మీ అమ్మ కంచం పట్టుకు నిలబడ్డం గుర్తొచ్చింది. చేతులు ఆడలేదురా. ముప్ఫై ఏళ్ళల్లో ఏనాడూ ఎరగను అట్టాంటి భయం. కడుపునొప్పని చెప్పి దిగిపోయా. సరంగు లేకపోతే ఎట్టా అని ఓనరు గొడవ. శివాజీగాడు, నే తీసుకెళ్తాలే పెదనాన్నా, నువ్వు పడుకో అన్నాడు. మొదటిసారి సరంగు కదా, ఇంటికెళ్ళి కొత్త చొక్కా వేసుకొచ్చాడురా."

మిగతా రెండు బోట్లూ కోడూరు వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఆ బోటు రాలేదు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం నాగలక్ష్మి షాపుకొచ్చింది, శివాజీ భార్య. మనిషి దొరకలేదు గనక ఇంకా బొట్టు తియ్యలేదు, ఎవరు చెప్పినా తియ్యనివ్వలేదు. మణికుమార్ గబుక్కున లేచి కుర్చీ వేశాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు. చేతిసంచిలోంచి శివాజీ ఓటరు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"మావయ్య అంతా చెప్పాడు. ఈయన్ని కూడా నీ కంప్యూటర్లో పెట్టు మణీ. ఇంట్లో ఉంటాడని నొక్కు."

"వదినా, అది ఉత్త ఆట. దాంట్లో ఏమీ లేదు. నేను రాసిందే..."

"ఆటయితే మావయ్య ఎందుకాగాడు?"

మణికుమార్ తల వంచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ తుఫాను రోజు తర్వాత ఆటని ముట్టుకోలేదు. శివాజీ అని కొట్టాడు, పక్కన నాగలక్ష్మి అని కొట్టాడు. ఐదో మెట్టు దాకా తెచ్చాడు. ప్రశ్న వచ్చింది. ఆమె కుర్చీ దగ్గరకి జరుపుకుంది.

"ఏది నొక్కాలో చూపించు. నేను నొక్కుతా."

చూపించాడు. ఆమె వేలు మౌస్ మీద పెట్టి, గట్టిగా నొక్కింది. కారొచ్చి హారన్ కొట్టి, కొట్టి, వెళ్ళిపోయింది. బొమ్మ ఇంట్లోనే ఉంది. పళ్ళెంలో పెట్టుకుని తింది. మంచం మీద పడుకుంది. నాగలక్ష్మి కళ్ళార్పకుండా చూసింది. మొహంలో కొంచెం తెరిపి వచ్చింది. మణికుమార్‌కి కూడా, నెల్లాళ్ళలో మొదటిసారి, ఊపిరి ఆడినట్టయింది.

"మరి బోటెవరు తీసుకెళ్ళారు?" అంది నాగలక్ష్మి.

"ఎవరూ లేరు వదినా. ఇందులో బోటుండదు. మనిషి ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు."

"అదెట్టా? సరంగు రాలేదని ఓనరు బోటు కట్టేసుకుని కూర్చుంటాడా? ఎవణ్ణో ఒకణ్ణి ఎక్కిస్తాడుగా."

రెండు నెలలు కూర్చుని ప్రతి మెట్టూ రాసినవాడికి ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

"వాడికీ పెళ్ళాం ఉంటుంది కదా మణీ" అంది నాగలక్ష్మి, ఓటరు కార్డు సంచిలో పెట్టుకుంటూ. "అదీ వస్తుంది నీ దగ్గరికి. దానికేం నొక్కి చూపిస్తావు?"