వేసి చూపిస్తేనే టెంటు

సూదక్కకి టెంటు బాగుకివ్వడం తేలిక. తిరిగి తీసుకోవడమే కష్టం.

కొండదారి బస్సులు ఆగే వీధి పక్క సందులో ఆవిడ కొట్టు. లోపల ఒక కుట్టు మిషను, ఒక బల్ల, గోడ నిండా వేలాడే జిప్పులు. పక్క కొట్టు నాది. స్టవ్వులూ టార్చిలైట్లూ బాగుచేస్తాను. సూదక్క ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. పాతసామాన్లవాడి దగ్గర చినిగిన టెంటు ఒకటి కొని, ప్రతి కుట్టూ విప్పి, మళ్ళీ కుట్టింది. బకెట్టుతో నీళ్ళు పోసి చూస్తే కారింది. మళ్ళీ విప్పింది. నాలుగోసారికి చుక్క దిగలేదు. అప్పుడు బోర్డు పెట్టింది: "వేసి చూపిస్తేనే టెంటు ఇవ్వబడును."

అడవికి పోయే మనిషి ముందుగా ఆ సందులో, వచ్చేపోయేవాళ్ళు నవ్వుతుండగా, తన టెంటు తనే వేసుకోవాలి. అదీ కళ్ళు మూసుకుని.

"ఎందుకండీ?" అంటారు.

"దారి ఆలస్యమై చీకటి పడితే ఈ సందు లైటు వెంట పట్టుకుపోతావా?" అంటుంది.

తర్వాత సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించాలి. "బరువైనవి వీపుకి ఆనేట్టు సర్దు. వాన కోటు అడుగున పెట్టావేం, వాన వచ్చాక సంచి తిరగేస్తావా? పొడి మేజోళ్ళు కవర్లో చుట్టు. ఈల సంచిలో కాదు నాయనా, మెడలో ఉండాలి. గోతిలో పడ్డవాడికి సంచి అందుతుందా?"

ఆఖరున చీటీ. ఏ దారిన పోతున్నారు, ఎంతమంది, ఎప్పటికి తిరిగొస్తారు. దాన్ని గోడకున్న మేకుకి గుచ్చుతుంది. చెప్పిన వేళకి రాకపోతే అటవీ చెక్‌పోస్టుకి ఫోను చేస్తుంది. ఆ చీటీల పుణ్యమా అని రెండుసార్లు దారి తప్పినవాళ్ళు దొరికారు.

ఆవిడ మరిది కొండదారి బస్సులో కండక్టరు. టిక్కెట్టు కొట్టేది ఒక చేత్తో, కబుర్లు రెండు చేతులతో. ఒకరోజు మధ్యాహ్నం నా స్టూలు మీద కూర్చుని, వదినగారి పాఠం అంతా విని, తీరిగ్గా అడిగాడు.

"వదినా, నువ్వెప్పుడైనా అడవిలో పడుకున్నావా?"

మిషను ఆగింది.

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా. సందులో కూర్చుని అందరికీ అడవి చెబుతావు. ఒక్క రాత్రి తప్పు లేకుండా ఉండిరా. ఉంటే నీ టెంటుకి జన్మంతా నేనే కూలీని. తప్పు చేశావో, బోర్డు తీసెయ్. ఇక ఎవరికీ ఒక్క సలహా చెప్పకూడదు."

సూదక్క దారం కొరికి, "ఆదివారం నీకు సెలవేగా?" అంది.

నన్ను సాక్షిగా లాక్కెళ్ళారు. బస్సు ఊరు దాటాక మరిది అడిగాడు. "చీటీ రాశావా వదినా?"

"రాయకుండా వస్తానా? మేకుకి గుచ్చాను."

"కొట్టు తాళం?"

సూదక్క చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి అక్కడే ఉంది. అంటే మేము ఎక్కడికి పోయామో రాసిన చీటీని కొట్టులో పెట్టి తాళం వేసుకొచ్చింది.

"ఎలకలు చదువుకుంటాయిలే. ఇది సగం తప్పు," అన్నాడు మరిది.

ఆవిడ వెంటనే సందు చివర టీ కొట్టాయనకి ఫోను చేసి, దారీ వేళా చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకుంది.

నడకలో మాత్రం వంక పెట్టడానికి వీల్లేకపోయింది. అరగంటకోసారి ఆగి, దాహం వేయకముందే నీళ్ళు తాగించింది. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూసేది. "వచ్చేటప్పుడు ఇదే దారి మొహం మార్చుకుంటుంది. ఇప్పుడే చూసి పెట్టుకోండి," అంది.

ఎండ వాలకముందే చోటు దొరికింది. రెండు గట్ల మధ్య చదునుగా, మెత్తని ఇసుక, పలచని గడ్డి. మా సందు లాగే ఉంది. ఆరు నిమిషాల్లో టెంటు నిలబెట్టింది, కళ్ళు మూసుకునే. మరిది చెప్పులు విడిచి, ఇసుకలో కాళ్ళు చాపి, "పరుపు వేసినట్టుంది వదినా," అన్నాడు. నేను స్టవ్వు వెలిగించి టీ పెట్టాను. దూరంగా పై కొండల మీద మబ్బు నల్లగా ఉంది. మా నెత్తిన ఎండే.

సూదక్క టీ తాగుతూ పక్కనున్న గడ్డిని చేత్తో నిమిరింది. ఇటు నిమిరింది, అటు నిమిరింది. గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"మఖమలుకి నూగు ఒకే పక్కకి వాలి ఉంటుంది, చూశావా? ఈ గడ్డి అలా ఉంది. ఎవరు దువ్వారు దీన్ని?"

లేచి పొదలు చూసింది. నడుమెత్తున కొమ్మల్లో ఎండు పుల్లలు, ఒక చిరిగిన ప్లాస్టిక్ కవరు చిక్కుకుని ఉన్నాయి. తర్వాత పై కొండల మీది మబ్బుని చూసింది.

"టెంటు మేకులు పీకండి. ఇది నీళ్ళు నడిచే దారి. నేను తప్పు చోట వేశాను."

మరిది కదల్లేదు. "ఇక్కడ చినుకు కూడా లేదు. ఇంత మెత్తని చోటు వదిలి ఆ రాళ్ళ మీదకా? పోనీ, పందెం నువ్వే గెలిచావనుకో వదినా. కూర్చో."

"పందెం నీకే ఇచ్చేశాను. వంకర కుట్టు వేశాక విప్పాల్సిందే, ఇస్త్రీ చేస్తే పోదు. లే అబ్బాయ్."

ఆ గొంతుకి మరిది లేచాడు. టెంటూ సంచులూ స్టవ్వూ మోసుకుని గట్టెక్కి, నీటి జాడ కనిపించని ఎత్తుకి చేరాం. సణుగుతూనే రాళ్ళు ఏరి మేకులు కొట్టాడు. అప్పుడు చూసుకుంటే చెప్పులు కిందే ఉన్నాయి.

"తెచ్చుకుంటా," అని ఒక అడుగు వేశాడు.

"చెప్పులు కొనుక్కోవచ్చు," అంది సూదక్క, చొక్కా పట్టుకుని.

పొద్దు వాలుతుండగా లారీ రాళ్ళ మీదుగా వస్తున్నట్టు మోత వినిపించింది. ఎర్రటి నీళ్ళు, కొమ్మలతో సహా, మేము టీ తాగిన చోటు మీదుగా నడుమెత్తున పోయాయి. మా మీద చినుకు పడలేదు. చెప్పుల జత కొంచెం సేపు పక్కపక్కనే పోయి, తర్వాత విడిపోయింది. మరిది తన వట్టి కాళ్ళ వైపు చూసుకున్నాడు.

మర్నాడు కాళ్ళకి రెండేసి మేజోళ్ళు తొడుక్కుని దిగాడు. సూదక్క కొట్టు తెరవగానే ముందు బోర్డు ఊడదీసి బల్ల కింద పెట్టింది.

"వద్దులే వదినా," అన్నాడు మరిది.

"మాటంటే మాటే," అని మిషను ముందు కూర్చుంది.

వారం తిరక్కుండా ఒక పంతులమ్మ టెంటు కోసం వచ్చింది. సూదక్క మడతపెట్టిన టెంటు ఆమె చేతిలో పెట్టి, పెదవులు బిగించి, తల వంచుకుంది. పంతులమ్మ ఆశ్చర్యంగా మా ఇద్దర్నీ చూసి, గుమ్మం దిగింది.

నా స్టూలు మీదున్న మరిది లేచాడు.

"ఏమండీ, వేసి చూపించకుండా ఎక్కడికి? సలహా చెప్పకూడనిది వదిన. నేను కాదు."

పంతులమ్మ కళ్ళు మూసుకుని సందులో చక్కగానే వేసింది, మధ్యలో, చదునుగా. మరిది బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి సందు పైకొసన గుమ్మరించాడు. నీళ్ళు వంకర్లు తిరుగుతూ వచ్చి నేరుగా టెంటు కిందికి దూరాయి.

"చూశారా? వాన మీ నెత్తినే పడాలని లేదు. గట్టెక్కి వేసుకోండి," అన్నాడు. "ఈ పాఠానికి నాకొక జత చెప్పులు ఖర్చయ్యాయి."

సూదక్క గుమ్మంలోకి వచ్చింది. కత్తెరతో పంతులమ్మ సంచి వైపు చూపించింది.

"సంచి కూడా కుమ్మరించమంటోందండీ," అన్నాడు మరిది.