పదమూడో సందు పావురాల రాజు

కో తింగ్-షాన్‌కి గుట్టంటే ప్రాణం. ట్యూనా పడవలో ఇంజను పని మానేసి రేవు ఊరైన తుంగ్‌కాంగ్‌లో ఇంటిపట్టున ఉంటున్నప్పటి నుంచీ ఆ ప్రాణాన్ని తీసుకెళ్లి మేడమీది పావురాల గూట్లో పెట్టాడు. అక్కడ వెండికన్ను ఉంది. నడిసముద్రంలో వదిలితే ఎదురుగాలికి ఎగిరి అందరికంటే ముందు ఇల్లు చేరిన పందెపు పక్షి. కళ్లు తెరవకముందు నుంచీ దాన్ని అరచేతిలో పెట్టుకుని మేపాడు. అలాంటి పక్షుల్ని ఎత్తుకుపోయేవాళ్లకి ఆ ఊళ్లో కరువు లేదు.

అందుకని గూటికి మూడు తాళాలు, మెట్లకి ఇనప తలుపు. బ్యాంకు మిషను ముందు నిలబడితే, వెనక పురుగు లేకపోయినా, గొడుగు విప్పి దాని చాటున నంబరు నొక్కుతాడు. సాయంత్రం చెత్తబండి పాట పాడుకుంటూ సందులోకి వచ్చేసరికి, కవర్ల మీది తన పేరు చింపి, తడిపి, ముద్ద చేసి సిద్ధంగా ఉంటాడు. పక్కింటి లియావ్ "పావురాలు బాగున్నాయా బాబాయ్?" అంటే "ఏ పావురాలు?" అంటాడు. అవి అప్పుడే ఇద్దరి నెత్తిమీదుగా గుంపుగా ఎగిరిపోతున్నా సరే.

ఇంత ముందుచూపున్న పెద్దమనిషి ఫోన్లో కోటల ఆట మొదలెట్టాడు. ఊరంతా ఆడుతోంది మరి. రేవు దగ్గరో గుడి ముందో నిలబడి అక్కడి కోటని గెలిస్తే, ఆటలోని ఊరి పటం మీద జెండా లేస్తుంది. జెండా మీద గెలిచినవాడి పేరు, గెలిచిన వేళ ఆడేవాళ్లందరికీ కనిపిస్తాయి. పేరేం పెట్టుకుంటారని ఆట అడిగింది. కో ఛాతీ విరుచుకుని ‘పదమూడో సందు పావురాల రాజు’ అని కొట్టాడు. పాస్‌వర్డు మాత్రం గజం పొడవు పెట్టి, కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు.

"పేరులో ఇంటి గుర్తులెందుకయ్యా?" అంది భార్య యూ-లాన్.

"అది నా పేరు కాదే. మారుపేరు. మారుపేరుండేది దాక్కోడానికే."

"దాక్కున్నోడెవడైనా సందు నంబరు చెప్తాడా?"

"నీకు ఆటలు తెలీవులే."

రోజూ పొద్దున్నే ఆవిడ ఎండురొయ్యల బుట్టతో బజారుకి, ఆయన స్కూటరు మీద రేవు కోటకి. జెండా లేచిందంటే రాజుగారు ఇంట్లో లేరని ఊరంతటికీ చాటింపు వేసినట్టే. ఆటలో ‘మంచుగడ్డ’ అనే జోడీ ఒకడు తగిలాడు. వాడు పొగడ్తలతో ముంచెత్తేవాడు. ఒకరోజు వాడు, "రాజుగారూ, ఇవాళ దీపస్తంభం కోట కొడదాం. మీరు ముందు నడవండి, మీ వెనకాలే వస్తా" అని రాశాడు. రాజుగారు నడిచారు. ఊరవతల జెండా లేచింది. వెనకాల ఎవరూ రాలేదు. ఇంటికొస్తే తాళాలు మూడూ తెగి మెట్ల మీద పడున్నాయి. వెండికన్ను లేదు.

అన్నం ముట్టకుండా గూట్లో ఖాళీగా ఉన్న దాని అర ముందు కూలబడ్డాడు. నిన్నటి గింజలు ఏరి జేబులో వేసుకున్నాడు. పాపం అనాలనే ఉంటుంది. కానీ పోలీసు "పక్షి సంగతి ఎవరెవరికి తెలుసు?" అని అడిగితే, "పురుగుకి కూడా తెలీదు బాబూ" అని ఒట్టేశాడు. యూ-లాన్ పైకప్పు చూస్తూ నిలబడింది.

వారం తిరగకుండానే ఆవిడే మొగుడి ఫోను తిప్పుతూ ఆగిపోయింది. మంచుగడ్డ పేరు మార్చుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ కోట మీద రోజూ పొద్దున్నే వాడి జెండా: ‘వెండికన్ను కొత్త యజమాని’.

"ఏమయ్యా, లే. నీలాంటోడు ఊళ్లో ఇంకొకడున్నాడు."

కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని, జెండా లేచే వేళకి ఐసు ఫ్యాక్టరీకి వెళ్లారు. అక్కడ ఫోను పట్టుకుని దొరికిపోయిన, ఐసు లారీ నడిపే ఖుయ్ అనేవాడి గదిలో, బుట్ట కింద వెండికన్ను దొరికింది. కో దాన్ని చొక్కాలో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నేనెవ్వరికీ చెప్పలేదు కదా, ఎలా పట్టుకున్నావ్ బాబాయ్?" అన్నాడు ఖుయ్. వాడి మొహంలో దొంగతనం బయటపడ్డ సిగ్గు కంటే గుట్టు ఎలా పొక్కిందో తెలియని బాధే ఎక్కువగా ఉంది.

జరిగిందంతా చెప్పడానికి కో నోరు తెరిచాడు. యూ-లాన్ ఆయన కాలు తొక్కింది.

"పక్షే చెప్పింది" అన్నాడు ఆయన.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడ అడిగింది. "ఆ పేరు తీసేశావా?"

"తీసేశా. కొత్తది పెట్టా."

"ఏంటది?"

"చెప్పను. నీక్కూడా చెప్పను. ఇప్పుడు తెలిసొచ్చిందిలే నాకు."

ఆవిడ తృప్తిగా ఇంకో చేపముక్క వడ్డించింది. మొగుడికి బుద్ధొచ్చిందని కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే బుట్ట పట్టుకుని బజారు మలుపు దాకా వెళ్లేసరికి, రేవు నుంచి స్కూటరు మీద వస్తున్న లియావ్ నవ్వుతూ ఆగి ఫోను చూపించాడు. రేవు కోట మీద అప్పుడే కొత్త జెండా లేచింది.

‘పదమూడో సందులో పావురాలు లేవు’.

యూ-లాన్ రొయ్యల బుట్టతో వెనక్కి తిరిగి, గబగబా ఇంటికెళ్లి, మేడమెట్లెక్కి గూటి ముందు పీట వేసుకు కూర్చుంది.