వెన్ను మట్టి తాకని గెలుపు

పోయిన వారం మా కుస్తీ తాలింఖానాలో నీలం రంగు చాప పరిచారు, కాలు పెడితే కొంచెం దిగేంత దళసరిది. దాని మీద ఇద్దరు ఆడపిల్లలు పట్లు పడుతుండగా, కింద చిక్కిన పిల్ల అరచేత్తో చాపను రెండుసార్లు చరిచింది, పైనున్న పిల్ల వెంటనే వదిలేసి చెయ్యి అందించింది. ఎవరూ నవ్వలేదు. అలాంటి చరుపుల కారణంగానే ఒకప్పుడు నేను అత్తవారింట మంచినీళ్లు కూడా ముట్టకుండా రెండేళ్లు గడిపానంటే, నా ఈడు వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

బరంపురంలో పట్టు నేసేవాళ్ల వీధి వెనక ఉన్న ఆ తాలింఖానా మా నాన్నది. పగలు రైల్వే ఆఫీసులో గుమస్తా పని, ఉదయం సాయంత్రం అక్కడ కుస్తీ నేర్పడం, ఇదే ఆయన తరవాత నా జీవితం. గోదాలో మట్టికి నూనె, పసుపు, పులిసిన మజ్జిగ కలిపి తొక్కేవాళ్లం, వాన వెలిసిన పూట ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేది. అయితే ఊళ్లో అద్దాల జిమ్ములు వచ్చాక నా దగ్గర ఇద్దరే మిగిలారు. స్థలంలో సగం వాటా ఉన్న మా పెదనాన్న కొడుకు, ఇంకా మనుషులు రాకపోతే గోడౌనుకు ఇచ్చేద్దామని మొహం మీదే చెప్పేశాడు. మా నాన్న కాళ్ల కింద నలిగిన మట్టి మీద ఎవరివో బస్తాలు! ఆ మాట ఈనాటికీ మరవలేదు.

అలాంటి రోజుల్లో మా బావమరిది సినిమా తీస్తానని వచ్చాడు. అతనిది పెళ్లి వీడియోల దుకాణం. టీవీలో బోనుల మధ్య గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపి కొట్టుకునే పోటీలు చూసి, అలాంటి కథ మా గోదాలోనే తీస్తానన్నాడు. సినిమా బాగుంటే పిల్లలు వస్తారు కదా అని నేనూ సరేనన్నాను. బోనుకు ఇనుప జాలి కొనే స్తోమత లేక సముద్రపొడ్డున ఉన్న రామయ్యపట్నం నుంచి చేపల వల తెచ్చి వెదురు గుంజలకు కట్టాడు. చివరి కొట్లాటలో హీరో విలన్ చెయ్యి మెలిపెడితే, విలన్ నేలను చరుస్తాడు, అదే హీరో గెలుపు. ఆ పోటీల్లో అది ఓటమి ఒప్పుకోవడమట. నేను అక్కడే అడ్డుపడ్డాను. మనవాళ్లకు వెన్ను మట్టి తాకితేనే ఓటమి, నేల చరిచి తొడ చరిచి కదా మన పైల్వాన్లు సవాలు చేసేది, ఇది ఎవరికీ ఎక్కదు అని చెప్పాను. అతను కెమెరా మీంచి కన్నయినా తియ్యకుండా, "నీకు తెల్దులే బావా, నువ్వెల్లి కుర్సీలు సర్దు" అన్నాడు. అందరూ నవ్వారు, లైటు పట్టుకున్నవాడితో సహా. పదకొండు కుర్చీలు. నేను వెళ్లి సర్దాను కూడా, అదే నా బాధ.

వల ఇచ్చిన మర్యాదకు ఆ సినిమా మొదట రామయ్యపట్నంలోనే, ఇసుకలో తెల్లగుడ్డ కట్టి చూపించారు. విలన్ నేల చరవగానే హీరో వదిలేశాడు, పైనుంచి పెళ్లి వీడియోల్లోలా గులాబీ రేకులు రాలాయి. తరవాత గోల మొదలైంది.

"ఆడు నేల సరిసి రమ్మంటంటే ఈడు బయపడి ఒగ్గీసినాడేటి!"

"ఈపుకి మట్టంటనేదు, గెలుపేటి? మా వల మాకిచ్చీండి!"

నా మాటే నిజమైనందుకు లోపల సంతోషించిన మాట వాస్తవం. కానీ జనం నవ్వింది మా గోదాను చూసి. బజారులో నన్ను చూసి నేల చరిచి వెక్కిరించేవాళ్లు. ఉన్న ఇద్దరూ మానేశారు. అప్పటినుంచే నేను బావమరిది గడప తొక్కడం మానుకున్నాను.

అయితే ఒక్క మనిషి మాత్రం తెల్లవారగానే గోదాకు వచ్చేది. అతని కూతురే, నా మేనకోడలు. కాలేజీకి పోతూ తండ్రికి చెప్పకుండా నా దగ్గర పట్లు నేర్చుకునేది. రెండేళ్ల తరవాత రెండో భాగం తీయాలని గోదా అడగడానికి వచ్చిన బావమరిది, మోకాళ్ల దాకా మట్టితో ఉన్న కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను పాత పురాణం విప్పాను, కుర్చీల దగ్గర మొదలుపెట్టి. ఆ పిల్ల విని విని, "మావయ్యా, నాకెందుకు సెప్తావు, అదేదో సినిమాలో సెప్పీ!" అంది.

అలా నా గొడవే రెండో భాగానికి మొదటి దృశ్యమైంది. హీరోయిన్ మేనకోడలు, గురువును నేను. మన గోదాలో వెన్ను మట్టి తాకితే ఓటమి, బయట పోటీలో అరచెయ్యి నేలను చరిస్తే ఓటమి, చరవడం సిగ్గు కాదు, ఇవాళ్టికి చాలు, రేపు వస్తానని నేలతల్లికి చెప్పుకోవడం అని ఆమెకు నేర్పుతాను. అదే వల, మాసికలు వేసి కట్టారు. రేకులు రాలనివ్వలేదు నేను.

పక్క ఊరు చికిటిలో ఆ సినిమా వేసిన సాయంత్రం బావమరిది తనే కుర్చీ మోసుకొచ్చి ముందు వరసలో వేసి, కూర్చో బావా అన్నాడు. నేను కూర్చోలేదు. నడుం పట్టేసినా సినిమా అంతా నిలబడే చూశాను. సగంలో మేనకోడలు ఓడిపోయి నేల చరిచినప్పుడు నేను తెర వదిలి జనం మొహాలు చూశాను. ఎవరూ నవ్వలేదు. జనంలోంచి ఒక ముసలి రైతు తెరకేసి చెయ్యి ఊపుతూ, "పర్నేదు గుంటా, రేపొచ్చీ!" అని కేకేశాడు. చివర ఆమె గెలిచినప్పటి చప్పట్లకన్నా నాకు ఆ కేకే ఎక్కువ గుర్తు.

ఆ తరవాత దూరాన ఉన్న కొడల ఊరి నుంచి కూడా తండ్రులు కూతుళ్లను వెంటబెట్టుకుని మా తలుపు తట్టారు. గోడౌను మాట మళ్లీ ఎత్తినవాళ్లు లేరు.

ఇప్పుడు మజ్జిగ వాసన లేదు, నీలం చాపకు రబ్బరు వాసన. మట్టిని మాత్రం పారబొయ్యనివ్వలేదు, గుమ్మం పక్కన తొట్టెలో పోసి ఉంచాను. లోపలికి వచ్చే ప్రతి పిల్లా దాన్ని తాకి నుదుట పెట్టుకుంటుంది. నేర్పేది మేనకోడలు. ఆమెను చూసుకోవడానికి రోజూ పొద్దున్నే బావమరిది వస్తాడు, మోకాళ్లు నొప్పులట, నిలబడలేడు. కుర్చీ నేనే తెచ్చి వేస్తాను. పదకొండూ గుర్తున్నాయని రోజూ చెప్పే వేస్తాను.