అయిదు చేతుల పోశెట్టి సార్

పోశెట్టి సార్ ఇక లేరన్న కబురు నా దగ్గరికి ఫోటో రూపంలో వచ్చింది. పోయిన వారం పొద్దున్నే బోధన్ బస్టాండు పక్కన నా జిరాక్స్ షాపు షట్టర్ లేపుతుంటే, సార్ వాడకట్టు మనిషి ఒకతను పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి నా చేతిలో పెట్టాడు.

"గంగన్నా, గిది జర పెద్దగ చెయ్యి. దండ ఎయ్యాలె."

చూస్తే పోశెట్టి సార్. "నిన్న సాయంత్రం చాతిల నొప్పన్నడు. నిజామాబాద్ తోల్కపోతుండంగనే పాణం పోయింది" అన్నాడతను. మెషిన్ ముందు నిలబడి ఆ ముఖాన్ని పెద్దది చేశాను. మూడేళ్ల కింద నిండు సభలో ఆ మనిషిని చిన్నబుచ్చినవాణ్ని నేనే. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత ఏదైనా ఉంటే అదొక్కటే.

సార్‌ను ఎరగనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆయన ఏ బడిలోనూ పంతులు కాదు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఫ్యాక్టరీ మూతబడ్డాక కాలువ వెంబడి ఊళ్లలో రైతుల మోటార్లు బాగుచేసి బతికాడు. ఒకప్పుడు చెరుకు బండ్లు వరుసగా ఆగే జాగా ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనుక ఖాళీగా పడి ఉంటే, రెండు ఇనుప స్తంభాలు పాతి, పాత పైపులు వంచి రింగులు వెల్డింగ్ చేశాడు. అదీ మా ఊరి బాస్కెట్‌బాల్ కోర్టు. ప్రతి ఆదివారం దారం పట్టి సున్నంతో గీతలు గీసేవాడు. ఎవరూ నియమించలేదు, ఎవరూ జీతమివ్వలేదు. సాయంత్రం అయిదింటికల్లా నూనె మరకల చొక్కాతోనే అక్కడుండేవాడు.

పిల్లలు ముప్పై మంది, బంతి ఒక్కటి. అది కూడా సైకిల్ ట్యూబు ముక్కలతో అతుకులు పడ్డ బంతి. బలమున్నవాడి చేతికి చిక్కితే మిగతావాళ్లకు ఆ పూట ఆట లేనట్టే. అందుకని సార్ ఒక నియమం పెట్టాడు. జట్టులో అయిదుగురూ ముట్టుకున్న తర్వాతే బంతి రింగు వైపు లేవాలి. అంతకుముందు వేస్తే రింగులో పడ్డా పాయింటు లేదు. ఊరంతా దీన్ని 'అయిదు చేతులు' అనేది. ఒకసారి నిజామాబాద్ నుంచి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకాయన చూసి నవ్వాడు.

"గిదేం ఆట పోశెట్టీ, పెండ్లిల బంతి లెక్క అందరికి వడ్డిస్తున్నవ్?"

"వడ్డించంది ఎట్ల తింటరు సార్?" అన్నాడు ఈయన, బంతికి గాలి కొడుతూనే.

నాకు ఆట రాదు. మా అవ్వ బీడీలు చేసి మమ్మల్ని సాదింది. పదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాతి నా చదువంతా మా ఊరి గ్రంథాలయానిదే. మా తమ్ముడు సాయిలు సాయంత్రాలు కోర్టులో ఉంటే నేను బల్ల ముందు ఉండేవాణ్ని. అక్కడ ఇంగ్లీషులో బాస్కెట్‌బాల్ నియమాల పుస్తకం ఒకటి దొరికితే, నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. దాని ప్రకారం మా కోర్టు పొడవు తక్కువ. పుస్తకం పట్టుకెళ్లి సార్‌కు చూపించాను. ఆయన ఇంగ్లీషు రానివాడు. ఆ వాక్యం నాతో రెండుసార్లు చదివించుకుని, అర్థం అడిగి, పార తెచ్చాడు. రెండు రోజులు తవ్వి స్తంభాన్ని జరిపాడు.

"ఇన్నేండ్ల సంది ఉన్నది గద సార్, ఉండనీయరాదు?" అన్నాను.

"నువ్వు సదివినవ్ గద. సదివినోడు చెప్తే ఇనాలె" అన్నాడు.

నా చదువును ఈ ఊళ్లో మొదట గౌరవించిన మనిషి ఆయన. ఆ గౌరవానికి నేను చెల్లించిన బదులు ఇప్పుడు చెప్తాను.

దేశంలోని పట్టణాల పేర్లతో జట్లు కట్టి ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ మొదలుపెట్టారు. ఎంపికలకు వెళ్లిన మా సాయిలు ఒక జట్టులో చోటు సంపాదించాడు. ఆ జట్టు పేరు రాయబుద్ధి కావడం లేదు. బీడీల చాటలు తప్ప మరొకటి ఎరగని మా ఇంటి ముందు ఆ రోజు పటాకులు కాల్చారు. సీజనంతా నా షాపులో ఫోన్ చుట్టూ పదిమంది మూగేవారు. వాడు మాత్రం భుజాన తువ్వాలు వేసుకుని కుర్చీలోనే కనిపించేవాడు. "మనోడు ఇయ్యాల గూడ కుర్సీకి కావలి కాసిండు" అని నవ్వేవాళ్లు. సార్ నవ్వేవాడు కాదు. "కూసున్నోడు గూడ ఆటల ఉన్నట్టే" అనేవాడు.

చివరి మ్యాచ్. గెలిస్తే సెమీఫైనల్. ఒక ఆటగాడు అయిదు ఫౌళ్లతో బయటికి పోతే సాయిలును దింపారు. ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నారు, పదకొండు సెకన్లు మిగిలాయి. బంతి చేతులు మారుతూ మారుతూ సాయిలు దగ్గరికి వచ్చింది. రింగు ఎదురుగా ఉంది, వాడికి అడ్డంగా ఎవరూ లేరు. వాడు వేయలేదు. ఇద్దరి మధ్య ఇరుక్కున్న తోటివాడికి బంతి ఇచ్చాడు. అతను తిరిగేలోపే ఆట ముగిసిన కూత మోగింది.

ఎందుకు వేయలేదని మైకు పెట్టి అడిగితే మా తమ్ముడు అన్నాడు, "మా పోశెట్టి సార్ మాకు గట్లనే నేర్పిండు. అందరికి ఇచ్చి ఆడాలె అని."

ఆ వీడియో ముక్క ఊరంతా ఫోన్లలో తిరిగింది. మరుసటి ఏడు ఆ లీగ్ జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు. సాయిలుకు మరో పదకొండు సెకన్లు దొరకలేదు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక టైర్ల షోరూంలో పనిచేస్తున్నాడు. సార్‌కు మాత్రం పేరు దొరికింది, పాసుల పోశెట్టి. టీ కొట్టు దగ్గర ఎవడైనా గ్లాసు పక్కవాడికి అందిస్తే "గీడు పోశెట్టి శిష్యుడురా" అనేవాళ్లు.

సీజన్ ముగిసి సాయిలు వచ్చినప్పుడు గ్రంథాలయం హాలులో సన్మానం పెట్టారు. ఊళ్లో చదివినవాణ్నని నా చేతికి మైకు ఇచ్చారు. నేనన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నియమాల పుస్తకం నేను చదివాను. బంతిని రింగులో వేసినవాడికే పాయింట్లు రాశారు, ఇచ్చినవాడికి రాయలేదు. ఒక్క బంతి మాత్రమే ఉన్న మన లేమిని సార్ నీతిగా నేర్పాడు. మా తమ్ముని చేతులు కట్టేసి పంపాడు." చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లు నాకు తియ్యగానే అనిపించాయి. పక్క కుర్చీలో సాయిలు తల దించుకుని దండలో పూలు తుంపుతున్నాడు.

చివరి బెంచీ నుంచి సార్ లేచి నా దగ్గరికి వచ్చాడు. నాకొక్కడికే వినబడేట్టు అడిగాడు.

"గంగారాం, లెక్కపెట్టినవా?"

"ఏం లెక్క సార్? ఒక్క పాయింటుతోని ఓడినం. గదే లెక్క."

ఆయన నా వైపు చూడలేదు, సాయిలు వైపు చూశాడు. "సరే తియ్యి. సదువుకున్నోనివి" అని వెళ్లిపోయాడు.

తర్వాత పిల్లలు తగ్గారు. "ఇచ్చుడు నేర్సుకొని ఏం జేస్తరు, బతుకుడు నేర్సుకోవాలె" అని తల్లిదండ్రులు ఆపేశారు. కొన్నాళ్లకు ఒక్కరూ మిగల్లేదు. ఆదివారం గీతలు మాత్రం పడుతూనే ఉండేవి. నా షాపు ముందు నుంచి వెళ్తూ ఆయన చెయ్యి ఎత్తేవాడు. నేను కాగితాలు సర్దుకునేవాణ్ని. అట్లా మూడేళ్లు గడిచాయి.

అంత్యక్రియల నాడు వాడకట్టు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. 'బోధన్ క్రీడారత్నం' అని రాయించారు. కింద ఫోటోలు వేసుకున్నవాళ్లలో పాసుల పోశెట్టి అని పేరు పెట్టినవాడు కూడా ఉన్నాడు. సాయిలు నిజామాబాద్ నుంచి వచ్చాడు కానీ పాడె దగ్గరికి రాలేదు, కరెంటు స్తంభానికి ఆనుకుని దూరంగా నిలబడ్డాడు. సార్ మొదటి జట్టులో ఆడిన సువర్ణ, ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్, నా పక్కన నిలబడి ఉంది. అయిదు చేతుల సంగతి నేనే ఎత్తాను.

"ఊరోళ్లకు సగమే యాదికున్నది గంగన్నా" అంది. "అయిదో చెయ్యి తప్పకుండ ఎయ్యాలె. ముట్టినోనికే మల్ల ఆరో చెయ్యి లెక్క ఇస్తే సార్ బయట కూసుండబెట్టేటోడు. నన్ను వారం దినాలు కూసుండబెట్టిండు."

"ఎందుకట?"

"'నలుగురు నిన్ను నమ్మి ఇచ్చినంక మల్ల ఇంకొకనికి ఇచ్చుడు పెద్దమనసు గాదు బిడ్డా, భయం' అనేటోడు."

మర్నాడు పొద్దున గ్రంథాలయం తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఆ పదకొండు సెకన్లు ఫోన్లో మళ్లీ చూశాను. ఈసారి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో చెయ్యి మా తమ్ముడిది. సార్ నియమం అక్కడికి నిండింది. ఆరో చెయ్యి సార్ నేర్పింది కాదు.

సాయిలుకు ఫోన్ చేశాను.

"తమ్మీ, నువ్వు అయిదో చెయ్యివిరా."

"తెల్సన్నా" అన్నాడు.

"సార్‌కు?"

"ఆట ఓడిన దినమే ఫోన్ జేసిండు. 'భయమైందారా?' అని అడిగిండు. అయింది సార్ అన్న. 'ఎవ్వలికి చెప్పకు. భయపడ్డవని తెలిస్తే మల్ల ఆడనియ్యరు. నా పేరు చెప్పినవ్ గద, గట్లనే ఉండనీ' అన్నడు. మల్ల ఆటనే లేకపాయె. చెప్తా చెప్తా అనుకుంటనే..."

వాణ్ని తిట్టలేకపోయాను. భయపడ్డవాడు వాడు. పుస్తకం చదివానని మైకులో చెప్పుకున్నవాణ్ని నేను. పదకొండు సెకన్ల ముక్కను కూడా పూర్తిగా చదవకుండా తీర్పు చెప్పాను. అంత మంది ఉన్న హాలులో సార్ నన్నొక్కణ్నే అడిగాడు. చదివినవాడు లెక్కపెడతాడని ఆశపడ్డాడు. మరుక్షణమే, నేను నిజంగా లెక్కపెడితే సాయిలు ఏమవుతాడో తోచి, మాట వెనక్కి తీసుకున్నాడు. వచ్చే ఏడు ఉంటుందనుకున్న ఒక ఆట కోసం తన పేరును పణంగా పెట్టాడు. ఆ ఏడు రాలేదు. పేరూ తిరిగి రాలేదు.

ఇది రాస్తానంటే సాయిలు వద్దనలేదు. "రాయన్నా, నా పేరుతోనే రాయి" అన్నాడు.

ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. వానకు రంగు కారుతోంది. మొన్న ఆదివారం కోర్టులో గీతలు పడలేదు, ఊళ్లో ఎవరూ గమనించలేదు. అటువంటి మనిషి మళ్లీ ఈ ఊళ్లో పుడతాడని ఆశించే హక్కు మాకు లేదు. ఆయన పాదాలకు పూలు పెట్టే అర్హత నాకు అసలే లేదు. నా చేతనైంది ఆయన అడిగినదానికి జవాబు చెప్పడమే.

లెక్కపెట్టిన సార్. అయిదు.