ముప్పై ఏడున్నర మీటర్లు

మా ఆఫీసు మూర్తి తన పాయింట్ టూటూ రైఫిల్‌కి కొత్త స్కోపు బిగించాడని ఈ ఉదయం ఇద్దరం షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. ఎంత దూరంలో తూటా సరిగ్గా గురికి తగలాలో తేల్చుకుని స్కోపు సరిచేయాలి. దాన్నే జీరో పెట్టడం అంటారు. ఇరవై ఐదు మీటర్లు చాలన్నాను నేను. యాభై ఉండాల్సిందేనన్నాడు వాడు. ఢిల్లీలో సర్కారు కొలువు చేసేవాళ్లం కదా, గంటసేపు వాదించుకుని ముప్పై ఏడున్నరకు రాజీపడ్డాం.

కోచ్ తల పట్టుకున్నాడు. "సర్‌జీ, టార్గెట్ పచ్చీస్ పర్ హై, పచాస్ పర్ హై. బీచ్ మే సిర్ఫ్ ఘాస్ హై!" టార్గెట్లున్నది ఇరవై ఐదు దగ్గరా, యాభై దగ్గరా, మధ్యలో ఉన్నది ఒట్టి గడ్డేనని అతని గోడు.

"గడ్డి ఉంటే ఉందిలేవోయ్, ఇద్దరికీ సమ్మతమేగా!" అన్నాడు మూర్తి నాతో.

ఇరవయ్యేళ్లుగా మేం రాజీ కుదిర్చిన ఫైళ్లన్నీ ఎక్కడ పడి ఉన్నాయో ఇవాళ తెలిసింది. మీ ఆఫీసులో గడ్డి ఎంత ఎత్తు పెరిగింది?